సగం పోసుకొని లేవొద్దు

మా కంపెనీ పార్కింగులో ఈమధ్య బ్యాటరీ బండ్లకు ఛార్జింగ్ పెట్టుకునే పెట్టెలు వరసగా బిగించారు. కార్డు చూపిస్తే పచ్చ లైటు వెలుగుతుంది. తొందర పనిపడితే మధ్యలోనే ప్లగ్గు పీకేసి పోవచ్చు, అందరూ పోతూనే ఉంటారు. నావల్ల కాదు. బ్యాటరీ సగం దగ్గర ఉండగా ప్లగ్గు మీద చెయ్యి వేశానంటే వెనకనుంచి ఆ గొంతు వినబడుతుంది. "కూసో బిడ్డా. సగం పోసుకొని లేవొద్దు." వెనక్కి తిరిగి చూడను. ఎవరూ ఉండరని తెలుసు. చెయ్యి తీసేసి, గోడకానుకుని, నిండేదాకా ఫోను చూసుకుంటూ నిలబడతాను. నాతో పనిచేసేవాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆమె పోయింది మొన్న ఎండాకాలంలో. పేరు నాకు తెలుసు, కానీ రాయను. బతికుండగా ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు అడ్డదారిన పోయేవాళ్ళు ముందు బాటిల్ అవ్వ అన్నారు, తర్వాత కరెంటు అవ్వ అన్నారు. రెండు పేర్లకూ ఆమె పలికేది.

నేను తుర్కపల్లిలో మందులు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేస్తాను. ఇల్లు మేడ్చల్‌లో. కంపెనీ క్యాబు ఉంది, కానీ అందులో ఏసీ ఎంత ఉండాలన్న దగ్గర మొదలై ఎవరి ఫోన్లో పాట మోగాలన్నదాకా రోజూ పంచాయితీయే. ఆ పంచాయితీ పడలేక బ్యాటరీ స్కూటర్ కొన్నాను. షోరూం ఆయన చెప్పిన దూరం అది ఒక్కనాడూ పోలేదు. ఆయన చెప్పింది రోడ్డంతా దిగుడుగా ఉండి, నేను నెల రోజులు పస్తుంటే పోయే దూరం కాబోలు. కొన్న కొత్తలోనే, రావల్కోల్ దాటాక, మిట్టమధ్యాహ్నం ఎండలో బండి నడక వేగానికి వచ్చేసింది. దారి పక్కన ఒక రేకుల ఇల్లు. ఇంటిని ఆనుకుని ఇనుప స్టాండు మీద సోలార్ పలకలు. ముందర ఒక బోర్డు. దాని మీద ఎర్ర అక్షరాలతో 'ఇచ్చట బండ్లకు కరెంటు పోయును' అని రాసి ఉంది.

చదివి మరింత నీరుగారిపోయాను. కరెంటు పోయే చోటికి వచ్చి కరెంటు అడగడమేమిటి, నా ఖర్మ కాకపోతే.

అరుగు మీద చాటలో పుంటికూర ఆకు తెంపుతున్న ముసలామె నా ముఖం చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. "అందరు గట్లనే సదువుతరు. పోవుడు గాదు బిడ్డా, పోసుడు. దా, బండి నీడకు వెట్టు."

ఆ బోర్డు గురించి ఆ దారిలో అందరికీ ఒక వేళాకోళం ఉంది. స్తంభాలెక్కే లైన్‌మన్ ఒకాయన అటు పోతూ, "మా పని నువ్వు బోర్డు రాసి వెట్టినవేందవ్వా" అనేవాడట. బోర్డు రాసిన పెయింటరు కూడా ముందే చెప్పి చూశాడట, ఛార్జింగ్ పాయింట్ అని రాద్దామని. ఆమె ఒప్పుకోలేదు. నేను కూడా ఒకసారి సరిదిద్దబోయాను. ఛార్జింగ్ పెట్టడం అనాలి అవ్వా, పోయడం అనరు అన్నాను.

"పెట్టుడేంది? పెడ్తే అన్నం పెడ్తం. బండి నములుతదా? తాగుతది. తాగేదానికి పోస్తరు," అంది. నిజమే. నీళ్ళు పోస్తాం, పెట్రోలు పోయించుకుంటాం, ప్రాణం కూడా పోస్తాం. కరెంటు ఒక్కటే ఏం పాపం చేసింది?

ప్లగ్గు ఆమే పెట్టేది, మనల్ని ముట్టుకోనిచ్చేది కాదు. ముందు రెండు చేతులూ కొంగుకు తుడుచుకునేది. పొడిగా ఉన్నా మళ్ళీ తుడుచుకునేది. పెదవులు కదిలేవి, ప్రభువా అన్న ఒక్క మాట మాత్రం బయటికి వినబడేది. ప్లగ్గు పెట్టి స్విచ్చు వేశాక, బండి సీటు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచేది, పిల్లలకు జ్వరం చూసినట్టు. "తాగు, తాగు. జల్దీ ఏం లేదు," అనేది. బండితో అనేదో నాతో అనేదో తెలిసేది కాదు. ఆ తర్వాత మనం లేవడానికి వీల్లేదు. ఆఫీసుకు ఆలస్యమవుతోందన్నా, ఇంటికి చాలినంత ఎక్కిందన్నా వినేది కాదు. బంతి మీదనుంచి సగం తిని లేచిన చుట్టాన్ని చూసినట్టు చూసేది. "సగం పోసుకొని లేవొద్దు. తొవ్వల ఆగితే నన్నే తిట్టుకుంటవ్," అనేది. మొదట్లో అదంతా మర్యాద అనుకున్నాను. ముసలివాళ్ళకు ఉండే ముచ్చట అనుకున్నాను.

ఆమె బాటిల్ అవ్వగా ఉన్న రోజులు నేను చూడలేదు, విన్నదే. అదే అరుగు ముందు రాయి మీద నీళ్ళ సీసాల్లో పెట్రోలు పోసి అమ్మేది. అలా అమ్మకూడదని అందరికీ తెలుసు, కొనుక్కునేదీ అందరే. తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆమె చెలక పొలం కొంత అందులో పోయింది. వచ్చిన పైసలతో మిగతావాళ్ళు స్లాబు ఇళ్ళు వేసుకుంటే ఈమె రేకులు రేకులుగానే ఉంచి, పక్కన ఇనుప స్టాండు కట్టించి, పలకలు పెట్టించింది. అంతటితో ఊరుకోలేదు. ఇంటికున్న కరెంటు మీటరు తీయించేసింది.

"ఒకసారి నడుమల విడిచిపెట్టి పోయినదాంతోని మల్ల సంసారమా?" అనేది, ఎవరైనా అడిగితే.

పొద్దున్నే వెదురు కర్రకు తడిగుడ్డ చుట్టి ఆ పలకలను తుడిచేది. 'మొఖాలు కడుగుడు' అనేది ఆ పనిని. ఆ చుట్టుపక్కల రాళ్ళు పగలగొట్టే క్రషర్లున్నాయి, టిప్పర్లు పోయినప్పుడల్లా తెల్లటి దుమ్ము లేస్తుంది. మధ్యాహ్నానికే పలకల మీద పొర కడుతుంది. మళ్ళీ కర్ర పట్టుకునేది. ఆ దుమ్మును తిట్టేటప్పుడు మాత్రం ఆమె నోట్లోంచి చర్చికి పోయే మనిషి అనకూడని మాటలు వచ్చేవి. ఎందుకంత కోపమో నాకు తర్వాత తెలిసింది.

లోకం సంగతులు ఆమెకు బండ్లవాళ్ళ ద్వారా తెలిసేవి. పెట్రోలు దొరకడం కష్టమవుతుందని వార్తల్లో వచ్చిన ప్రతిసారీ ఆమె దగ్గరకు కొత్త బండ్లు వచ్చేవి. నేను ల్యాబులో పనిచేస్తాను కనుక భూమిలో ఇంకెంత ఆయిలుందో నాకు తెలుస్తుందని ఆమె నమ్మకం. మాది మందుల ల్యాబు అవ్వా అంటే, "అయితేంది, సదువుకున్నవ్ గద," అనేది.

"ఎవలదో దేశంల లొల్లి అయితే మన మేడ్చల్ల బండ్లు ఆగుతయ్. ఓడలు రావాలె, లారీలు రావాలె, బంకోడు తాళం తీయాలె. గీ పొద్దు సూడు, ఎవల్ని అడిగి వస్తాంది?" అని పలకల వైపు చెయ్యి చూపేది. ఆ చూపడంలో కొంత గర్వం ఉండేది, ఎదిగిన కొడుకును చూపించినట్టు.

ఆమెకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. అది నాకు బాగా తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నం జరిగింది నేను మరిచిపోలేను.

ఆరోజు ఎండ ఎక్కువగా ఉందని నన్ను అరుగు మీదనుంచి లోపలికి, వంటింటి వారకు పిలిచింది. మజ్జిగ పోసిన గ్లాసు చేతికిచ్చింది. నేను తాగుతుండగా పక్క గదిలోంచి శబ్దం వినబడింది. బుస్సున గాలి పీల్చినట్టు. కాసేపు ఆగి, మెల్లగా వదిలినట్టు. మళ్ళీ పీల్చినట్టు. ఎవరో మనిషి గాఢంగా నిద్రపోతున్నాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా అవ్వా?"

"మా ముసలోడు," అంది.

ఆమె భర్త పోయాడని దారిలో అందరూ చెప్పారు. నా ముఖం చూసి అవ్వ పోయి తలుపు తీసింది. మంచం. మడతపెట్టిన దుప్పటి, దిండు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను, మోకాలెత్తు ఉంటుంది, గాలి పీలుస్తూ వదులుతూ నడుస్తోంది. దాని గొట్టం దిండు మీద పెట్టి ఉంది, ముక్కు దగ్గర పెట్టుకునే కొస పైకి ఉండేలాగా. మనిషి లేడు. నిజం చెబుతున్నాను, లేచి పారిపోదామనిపించింది. బండి అప్పటికి సగం కూడా ఎక్కలేదు.

"ఊకె వెడ్తే కరాబైతది గద. పొద్దుండంగ నడిపిస్త," అంది మామూలుగా. "ఇగ ఇది ఆగది బిడ్డా. సూర్యుని కరెంటు. పొద్దుగూకంగ నేనే బందు చేస్త. దానంతల అది ఆగొద్దు. నా చేతుల్తోనే ఆగాలె."

ఆరోజే మొత్తం చెప్పింది. మంచం కోడు పట్టుకుని, కింద కూర్చుని చెప్పింది. ఆయన ఏళ్ళ తరబడి క్రషర్‌లో పనిచేశాడు. రాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. చివరికి ఆ మిషను లేకుండా ఊపిరి ఆడని స్థితికి వచ్చాడు. మిషనుకు కరెంటు కావాలి. కరెంటు పోతే నడపడానికి పెట్రోలు పోసే చిన్న జనరేటరు ఒకటి చర్చి వాళ్ళు చూసి ఇప్పించారు. అమ్మకానికి పెట్టే బాటిళ్ళలోంచి రెండు ఎప్పుడూ ఆయన కోసం పక్కన ఉంచేది.

"గప్పుడు గూడ గిట్లనే ఆయిలు లేదని లొల్లి. బంకులన్ని తాళ్ళు గట్టిండ్రు. నా బాటిళ్ళన్ని అయిపోయినయ్. ఆయన కోసమని ఒక్కటి దాసిన. ఆ దినం పొద్దుగూకంగ గాలిదుమారం వచ్చింది. చెట్లు వడ్డయ్, స్తంభాలు వడ్డయ్, కరెంటు పోయింది. గంతల ఒకడు ఉరుక్కుంట వచ్చిండు. మా అమ్మకు పాము కరిచిందవ్వా, ఆటోల పండవెట్టిన, నూనె అయిపోయింది, ఫోన్లు కలుస్తలేవు అని కాళ్ళ మీద వడ్డడు. మసక మసకుండె, మొఖం సక్కగ కనవడలే. గొంతు ఒక్కటి యాదికున్నది. ఏం జేస్త? ఇచ్చిన."

చెయ్యి చాచి దిండు మీది గొట్టాన్ని సరిచేసింది.

"జనరేటరు ఆగింది. ఆయన నా దిక్కే సూసుకుంట ఉన్నడు. కరెంటు పోయింది, మల్ల వచ్చింది. ఆయన పోయిండు, రాలే."

ఆ గొట్టం వైపు చూడకుండా ఉండడానికి కష్టపడ్డాను. ఒక పరాయి తల్లి కోసం మొగుడి ఊపిరి ఇచ్చేసిన మనిషి అనుకున్నాను. బాటిలు మొత్తం ఇచ్చేసిందనే అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఆమె వచ్చిపోయే బండ్లవాళ్ళనందరినీ ఒక మాట అడిగేది. నన్ను కూడా మొదటి రోజే అడిగింది, నాకప్పుడు అర్థం కాలేదు. "ఒకడుండె బిడ్డా, పాము కరిచిన తల్లిని ఆటోల తీస్కవోయిండు. దవాఖానకు అందిండో లేదో నీకేమన్న ఎరుకా?" పాలవాళ్ళను అడిగేది, కంపెనీ క్యాబుల డ్రైవర్లను అడిగేది, ప్లాట్లు చూడటానికి వచ్చి దారి తప్పిన కార్లవాళ్ళను అడిగేది. ఆమెకు ఈ లోకంలో తెలియవలసింది అదొక్కటే. ఆ తల్లి బతికిందని తెలిస్తే, తన మొగుడి ఊపిరి ఇంకొకరికి పనికొచ్చిందని కళ్ళు మూసుకోవచ్చు. బతకలేదంటే ఇద్దరూ ఒక్క సాయంత్రమే వట్టిగా పోయినట్టు.

జాలిపడి అబద్ధం చెప్పినవాళ్ళు ఉన్నారు. ఒకసారి నా ముందే ఒక పాలాయన, బ్యాటరీ బండికి డబ్బాలు వేలాడదీసుకుని వచ్చినాయన, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఆ మనిషిని నేనే అవ్వా. గప్పుడు ఆటో నడిపేటోన్ని. మా అమ్మ బతికింది. మంచిగున్నది. నిన్ను రోజు తలుసుకుంటది."

అవ్వ చేతిలో పని ఆపి అతన్ని కాసేపు చూసింది.

"బాటిలు నిండుగ ఉండెనా?"

"నిండుగనే ఇచ్చినవవ్వా. నీ కడుపు సల్లగుండ."

"నువ్వు గాదు, పో," అంది. కోపంగా అనలేదు. చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. పాలాయన ముఖం చిన్నబోయింది. అతను పోయాక, మరి ఎంత ఉండింది అవ్వా బాటిల్లో అని అడిగాను. "ఇచ్చినోళ్ళకు, తీస్కున్నోళ్ళకు ఎరుక," అని లేచి కర్ర పట్టుకుని ముఖాలు కడగడానికి పోయింది. అప్పటికి పలకల మీద దుమ్ము కూడా లేదు.

ఆదివారం తెల్ల చీర కట్టుకుని చర్చికి పోయి వచ్చేదాకా ఎవరికీ పోసేది కాదు. చర్చిలో ఆమె పక్కన కూర్చునే ఒకావిడ చెప్పింది నాకు. బైబిల్లో, దీపాల్లో నూనె పంచితే ఇద్దరికీ చాలదేమోనని పంచడం మానుకున్న ఆడపిల్లల సంగతి పాస్టరుగారు ఎత్తుకున్న ప్రతిసారీ అవ్వ లేచి బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడేదట. ఆ పిల్లలను పాస్టరుగారు తెలివైనవాళ్ళని మెచ్చుకునేవారట. ఆవిడ ఇది వింతగా చెప్పింది, నేనూ వింతగానే విన్నాను.

ఇంకొక వింత కూడా ఉండేది. దాన్ని నేను కళ్ళారా చూస్తూ కూడా గుర్తించలేదు.

పచ్చ నంబరు ప్లేటున్న బ్యాటరీ ఆటో ఒకటి వారానికి రెండు మూడు సార్లు వచ్చేది. శామీర్‌పేట పల్లెల నుంచి యాప్రాల్ కాలనీలకు కూరగాయలు వేసుకుపోయే ఆటో. నడిపేవాడు నలభై దాటినవాడు, నుదురు మీద గీతలు, మాట తక్కువ. అతను వస్తే అవ్వ నాతో చెబుతున్న కబురు మధ్యలో ఆపేసేది. చేతులు తుడుచుకునేది. ప్లగ్గు పెట్టేది. సీటు మీద చెయ్యి వేసి మిగతా బండ్లకంటే ఎక్కువ సేపు ఉంచేది. ఆ తర్వాత అతనికి వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి కూర్చునేది. అతనూ ఆటో చాటున కూర్చునేవాడు. ఇద్దరి మధ్యా మాట ఉండేది కాదు. పొద్దుగూకినా అతని ఆటో నిండకపోతే ఇంటి బ్యాటరీల్లో దాచుకున్న కరెంటు కూడా పోసేది. ఆరోజు ఆమె ఇంట్లో దీపం ఉండేది కాదు. నాకెప్పుడూ ఆ బ్యాటరీలు ముట్టనివ్వలేదు. "నీకు రేపు పోస్త పో" అనేసేది. ఆ విషయంలో నాకు కొంచెం అసూయ కూడా ఉండేది. దాచుకోవడమెందుకు, ఉండేది.

లోకాన్నంతా అడిగిన ప్రశ్న ఆమె అతన్ని అడగలేదు. తరచూ వచ్చేవాడు కదా, ఎప్పుడో అడిగేసి ఉంటుందని అనుకున్నాను.

ఆమె పోయిన రోజు నేను అక్కడ లేను. ఎవరో దారిన పోయే ఆయన స్కూటర్‌కు కరెంటు పోస్తూ, స్తంభానికి ఆనుకుని, ఎండకు కొంగు ముఖం మీదకు లాక్కుని కూర్చుందట. నిద్రపోతోందనుకుని అతనూ కదిలించలేదు. బండి నిండాక పోయొస్తానని చెప్పడానికి లేపబోతే లేవలేదు. బండి నిండేదాకా ఉండి పోయింది. అది నాకు ఎవరు చెప్పినప్పుడైనా ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత ఏడుపొస్తుంది.

యాప్రాల్‌లో ఉండే ఆమె చెల్లెలి కొడుకు వచ్చి కార్యం నడిపించాడు. చర్చిలో ఆమె కోసం ఆదరణ కూడిక పెట్టి ప్రార్థన చేశారు. బ్యాటరీ బండ్లు గోడ వారన బారుగా నిలబడ్డాయి, ఒక్కటీ చప్పుడు చేయలేదు. ఆ తర్వాత అతను ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. ప్లాటు బేరం కుదిరినప్పుడు వస్తాడట.

నేను ఆ దారి మానేశాను. చుట్టు తిరుగుడైనా పెద్దరోడ్డు మీదనుంచే పోయేదాన్ని. కారణం అడిగితే గుంతలున్నాయని చెప్పేదాన్ని.

పోయిన నెలలో పెద్దరోడ్డు మీద ఏదో పని జరుగుతోందని బండ్లన్నిటినీ అడ్డదారికి మళ్ళించారు. సాయంత్రం, ఎండ ఇంకా ఉంది. ఆ ఇంటి ముందు నాకు తెలియకుండానే బ్రేకు పడింది. బోర్డు అలాగే ఉంది. అరుగు పక్కన పచ్చ ప్లేటు ఆటో ఉంది. బయటి స్విచ్చుబోర్డుకు ప్లగ్గు పెట్టుకుని అతను అరుగు కింద కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

అప్పుడు వినబడింది. తాళం వేసిన గదిలోంచి. బుస్సున పీల్చి, ఆగి, వదిలి.

దిగబోతున్నదాన్ని మళ్ళీ బండి తాళం మీద చెయ్యి వేశాను.

"భయపడకక్కా," అన్నాడు అతను. "మిషను. ఆ దినం పరేషాన్ల ఎవలు బందు చెయ్యలే. పొద్దు వొడిస్తే అదే మొదలైతది. పొద్దుగూకినంక కొద్దిసేపటికి అదే ఆగుతది."

నేను బండి దిగి అరుగు మీద కూర్చున్నాను, అతను మళ్ళీ కింద కూర్చున్నాడు. అతను ఇంకేదైనా చెబుతాడని నేననుకోలేదు. అతనే నేలకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"అవ్వ అందర్ని అడిగేది గదక్కా. నన్నొక్కన్నే అడగలే."

అర్థమైపోయింది. అయినా నా నోట్లోంచి ఆమె ప్రశ్నే వచ్చింది.

"బాటిలు నిండుగా ఉండిందా?"

"సగం," అన్నాడు. "నా ముంగటనే సగం జనరేటర్ల పోసింది. సగం బాటిల్ల ఉంచి నాకిచ్చింది. ఇద్దరికి సరిపోతది, పో కొడుకా అన్నది."

లోపల మిషను పీల్చింది, వదిలింది.

"దవాఖాన కనవడ్తుండె. ఆడ ఆగింది ఆటో. నూకిన. నూకుకుంటనే పోయిన. అమ్మ వెనుకనుంచి నీళ్ళు అడుగుతుండె. ఇగ వచ్చినం, వచ్చినం అనుకుంట నూకిన. గేటు కాడికి పోయి వెనుకకు తిరిగి చూస్తే…" అని ఆగి, అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఈ బ్యాటరీ ఆటో తీసుకున్నంక, బోర్డు సూసి ఈడికి వచ్చిన. ఆ ఇల్లే అని ఎరుకైంది, మర్లి పోదామనుకున్న. గప్పటికే అవ్వ బయటికొచ్చింది. జర కరెంటు కావాలె అవ్వా అన్న. గంతే. నా గొంతు ఇని చాట కిందవెట్టింది. నా దిక్కు సూసింది. అడుగుతదనుకున్న. అబద్ధం గూడ తయారు వెట్టుకున్న, అమ్మ మంచిగుందని. అడగలే. నిండ పోసుకొని పో కొడుకా, సగం పోసుకొని లేవొద్దు అన్నది. ఇన్నేండ్లు వచ్చినపుడల్ల ఇయ్యాల అడుగుతది, ఇయ్యాల అడుగుతది అనుకుంటనే వచ్చిన."

ఆమె అడగదు. అడిగితే తెలిసిపోతుంది. ఆ సగం ఎక్కడ ఆగిందో తెలిసిపోతే, ఇక దారిన పోయేవాళ్ళను ఏమని అడుగుతుంది, ఏ ఆశతో పొద్దున్నే లేచి పలకలు కడుగుతుంది? నేను మర్యాద అనుకున్న మాట, ముచ్చట అనుకున్న మాట, ఆమె తనకు తాను రోజూ పెట్టుకున్న వాత. నాకు ఆమె మీద కోపం వచ్చింది, ఇంత మోస్తూ ఎదురుగా కూర్చుని నవ్వినందుకు. ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

పొద్దు వాలింది. పలకల మీద వెలుగు ఎర్రబడి, సన్నబడింది. మిషను శబ్దంలో తేడా వచ్చింది. పీల్చడం పొడుగయింది, ఆగడం పొడుగయింది. అతను గబుక్కున లేచి ప్లగ్గు దగ్గరకు పోయాడు.

"ఏం చేస్తున్నావు?"

"రెండింటికి సరిపోదక్కా. నేను తీస్తే అది ఇంకింత సేపు నడుస్తది. వచ్చినపుడల్ల గట్లనే సగంలనే తీసుకొని పోతున్న. అది ఆగేది నేను ఇనలేను."

అతని చెయ్యి ప్లగ్గు మీద ఉంది. నేను కావాలని అనలేదు. నాకు రాని యాసలో, నాది కాని గొంతులాగా, నా నోట్లోంచే వచ్చింది ఆ మాట.

"కూసో కొడుకా. సగం పోసుకొని లేవొద్దు."

అతను నా వైపు చూశాడు. నా వెనక్కి కూడా చూశాడు. చెయ్యి తీసేసి, వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

లోపల ఒకసారి పీల్చింది. వదలడం కోసం ఇద్దరం ఎదురుచూశాం. వదల్లేదు. ఆటో నిండేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.